లారీకి అంచెలు కావాలి

కారు కొనేవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత మైలేజీ అడుగుతారు. లారీ కొనేవాళ్లకు ఆ సరదాలేవీ ఉండవు. నెలకెన్ని ట్రిప్పులు పడతాయి, డీజిలుకు ఎంత పోతుంది, ఫైనాన్స్ కిస్తీ కట్టగా చేతిలో ఎంత మిగులుతుంది... ఇదే లెక్క. ఈ లెక్కకు నిలవకపోతే ఎంత గొప్ప బండయినా వాళ్ల గుమ్మం ముందు ఆగదు. అందుకే 'కరెంటు లారీ' అనగానే వాళ్ల నోట వచ్చే మొదటి ప్రశ్న- 'హైదరాబాద్‌లో లోడెత్తితే విశాఖపట్నంలో దించుతుందా?'

న్యాయమైన ప్రశ్నే. స్కూటర్లు, ఆటోలు, సిటీ బస్సులు కరెంటుకు మారడం చూస్తూనే ఉన్నాం. లారీ సంగతి వేరు. దానికి దూరం ఎక్కువ, బరువు ఎక్కువ, ఆగితే నష్టం.

మరి ప్రభుత్వాలకు లారీల మీద ఎందుకంత గురి? మన దేశంలోని వాహనాల్లో డీజిల్ ట్రక్కుల వాటా 3 శాతమే. కానీ రవాణా రంగం వదిలే కర్బన ఉద్గారాల్లో 42 శాతం వాటివేనని కేంద్రం చెబుతోంది. పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద విద్యుత్తు ట్రక్కులకు 500 కోట్ల రూపాయలు పక్కన పెట్టి, 2025 జులైలో మార్గదర్శకాలు ప్రకటించింది అందుకే. బండి సైజును బట్టి గరిష్ఠంగా 9.6 లక్షల రాయితీ. మొత్తం 5,600 ట్రక్కులకు. పాత లారీని తుక్కు చేసినట్టు సర్టిఫికెట్ చూపించాలి. గడువు 2028 మార్చి.

పథకం సరే. బండి నడుస్తుందా?

బరువు దగ్గర మొదటి పేచీ

లీటరు డీజిల్లో దాదాపు 10 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. ఇంజిన్ అందులో నాలుగింటిని చక్రాలకు అందిస్తే గొప్ప. మిగతాది వేడిగా, పొగగా పోతుంది. విద్యుత్తు మోటారు అలా కాదు, ఇచ్చిన దాంట్లో 80 శాతానికి పైగా చక్రాలకే చేరుస్తుంది. ఇంతవరకూ గెలుపు కరెంటుదే.

ఇప్పుడు ఈ శక్తిని మోసుకెళ్లాల్సిన బరువు చూద్దాం. 55 టన్నుల ట్రాలీ బండి లీటరుకు 3 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. 1,000 కిలోమీటర్లకు 330 లీటర్ల పైచిలుకు డీజిలు కావాలి. దాని బరువు 300 కిలోల లోపే. అదే బండి కరెంటుతో నడిస్తే కిలోమీటరుకు సుమారు ఒకటిన్నర యూనిట్లు ఖర్చవుతాయి. అంటే 1,500 యూనిట్ల బ్యాటరీ కావాలి. ఇవాళ్టి లిథియం బ్యాటరీల లెక్కన దాని బరువు 10 టన్నులు! అక్కడ మోసేది సరుకు కాదు, బ్యాటరీనే.

అందుకే కంపెనీలు అంత పెద్ద బ్యాటరీ పెట్టవు. మన దేశంలో తయారవుతున్న మోంట్రా రైనో 55 టన్నుల బండిలో ఉన్నది 282 యూనిట్ల బ్యాటరీ. ఒక్క చార్జింగ్‌తో సుమారు 200 కిలోమీటర్లు. చివరి చుక్కదాకా వాడలేం కాబట్టి నిండు లోడుతో ధైర్యంగా వెళ్లగలిగేది 150 అనుకోవాలి. హైదరాబాద్‌లో బయల్దేరితే సూర్యాపేట దాటి కోదాడ ప్రాంతం. విశాఖ ఇంకా 450 కిలోమీటర్ల పైనే ఉంటుంది.

లెక్క కుదిరేది ఎక్కడ?

55 టన్నుల కరెంటు బండి ఖరీదు కోటికి పైమాటే. డీజిల్ బండి అందులో సగం లోపు. తేడా 65 లక్షలనుకుని, రాయితీ తీసేస్తే 55 లక్షలు. ఇది తిరిగి రావాలి. ఎలా వస్తుంది?

లీటరు డీజిలు 95 రూపాయలనుకుంటే కిలోమీటరుకు 32 రూపాయలు. యూనిట్ కరెంటు 10 రూపాయలకు దొరికితే కిలోమీటరుకు 15. మిగులు 17 రూపాయలు. రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున 300 రోజులు తిరిగే బండికి ఏడాదికి 10 లక్షలు ఆదా. వడ్డీ పక్కన పెట్టినా, తేడా తీరడానికి అయిదేళ్లు దాటుతుంది. అదే రోజుకు 400 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి 20 లక్షలు. మూడేళ్ల లోపే ఒడ్డున పడొచ్చు. పథకం నిబంధనల ప్రకారం బ్యాటరీకి అయిదేళ్లు లేదా 5 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉండాలి కాబట్టి ఆ లోపలే పెట్టుబడి చేతికొస్తుంది.

ఇక్కడే ఉంది మెలిక. ఎక్కువ దూరం తిరిగితేనే కరెంటు లారీ గిట్టుబాటు. కానీ ఎక్కువ దూరం తిరగడమే దానికి కష్టం!

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ లెక్కంతా యూనిట్ 10 రూపాయల మీద. రోడ్డు పక్క ఫాస్ట్ చార్జర్ దగ్గర అది 18 రూపాయలైతే కిలోమీటరు ఖర్చు 27కు చేరుతుంది. మిగిలేది 5 రూపాయలు. అప్పుడు రోజుకు 400 కిలోమీటర్లు తిరిగినా పెట్టుబడి రావడానికి తొమ్మిదేళ్లు. అంటే లారీ భవిష్యత్తు బండి తయారుచేసే కంపెనీ చేతిలో ఎంత ఉందో, యూనిట్ ధర నిర్ణయించేవాళ్ల చేతిలోనూ అంతే ఉంది.

వాళ్లెలా నడుపుతున్నారు?

అమెరికాలో టెస్లా తన 'సెమీ' ట్రక్కును 2017లో చూపించి, 2022 డిసెంబరులో గానీ మొదటి బండ్లు అప్పగించలేకపోయింది. ఒక్క చార్జింగ్‌తో 800 కిలోమీటర్లని దాని ప్రకటన. జర్మనీలో మెర్సిడెస్ కంపెనీ ఈ-యాక్ట్రోస్ 600 తయారీని 2024 నవంబరులో మొదలుపెట్టింది. 621 యూనిట్ల బ్యాటరీ, 500 కిలోమీటర్లు. ఈ 500 గాల్లోంచి ఊడిపడిన అంకె కాదు. యూరప్‌లో ట్రక్కు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విశ్రాంతి తీసుకుని తీరాలి. అది చట్టం. ఆ 45 నిమిషాల్లో బండి చార్జింగ్ ఎక్కించుకుంటే, మళ్లీ నాలుగున్నర గంటలు నడపొచ్చు. మనిషికి ఇచ్చిన విశ్రాంతే బండికీ సరిపోయింది.

మన దగ్గర అలాంటి చట్టం లేదా అంటే, ఉంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవరు పని రోజుకు 8 గంటలు. అయిదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విరామం. కాగితం మీద అరవై ఏళ్లు దాటింది. హైవే మీద ఎంతమందికి దక్కుతోందో తెల్లవారుజామున డివైడర్ ఎక్కిన లారీలను చూస్తే తెలుస్తుంది.

ఇక చైనా. అక్కడ 2025 మొదటి ఆరు నెలల్లో అమ్ముడైన భారీ ట్రక్కుల్లో సుమారు అయిదింట ఒకటి కరెంటుదే. వాటిలో చాలావరకు ఉక్కు కర్మాగారాలు, గనులు, ఓడరేవుల మధ్య తిరిగేవి. అయిపోయిన బ్యాటరీ తీసి నిండుది బిగించే కేంద్రాలూ అక్కడ విరివిగా ఉన్నాయి. కొన్ని నిమిషాల పని. దూరం జయించాలని చూడకుండా, ముందు దగ్గరి దారులు పట్టుకున్నారు.

అంచెలంచెలుగా...

మన భాషలో 'అంచెలంచెలుగా' అనే మాట ఉంది. పూర్వం టపా మోసేవాళ్లు, గుర్రాలు ఒక్కో మజిలీలో మారుతూ వెళ్లేవి. ఒకే గుర్రం ఊళ్లన్నీ దాటాల్సిన పనిలేదు. మన రవాణా రంగంలో ట్రాలీని లాగే ముందు బండిని ఇప్పటికీ 'హార్స్' అనే అంటారు. ఆ హార్స్‌ను మజిలీలో విప్పేసి, చార్జింగ్ నిండిన ఇంకో హార్స్‌ను కట్టేస్తే? ట్రాలీ ఆగకుండా ముందుకు పోతుంది, బండి తీరిగ్గా చార్జింగ్ పెట్టుకుంటుంది.

ఊహే కాదు. 2014లో మొదలైన రివిగో అనే సంస్థ డీజిల్ లారీలతోనే డ్రైవర్లను ఇలా మజిలీల్లో మార్చింది. ఓ డ్రైవరు నాలుగైదు గంటలు నడిపి బండిని ఇంకొకరికి అప్పగిస్తాడు. ఎదురొచ్చే బండి అందుకుని సొంతూరు చేరతాడు. సంస్థ లాభాల బాట పట్టలేక 2022లో తన ప్రధాన వ్యాపారాన్ని మహీంద్రా లాజిస్టిక్స్‌కు అమ్ముకుంది. కానీ డ్రైవరు రాత్రికి ఇంట్లో పడుకోవచ్చన్న సంగతిని చేసి చూపించింది. వారాల తరబడి ఇల్లు చూడని ఉద్యోగానికి కుర్రాళ్లు రావడం లేదని ఓనర్లు మొత్తుకుంటున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

హైదరాబాద్-విశాఖ దారినే తీసుకోండి. 620 కిలోమీటర్లు. కోదాడ, విజయవాడ దాటాక ఏలూరు, రాజమండ్రి, తుని... నాలుగు మజిలీలు చాలు. 240 కిలోవాట్ల చార్జరు దగ్గర గంటకు కాస్త పైగా ఆగితే 150 కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుంది. మొత్తం నాలుగైదు గంటలు. డీజిల్ లారీ కూడా భోజనానికి, టీకి, టైర్లు చూసుకోవడానికి రెండు గంటలైనా ఆగుతుంది కదా. అసలు తేడా రెండు మూడు గంటలే. ఆ మాత్రం ఆలస్యాన్ని సిమెంటు భరిస్తుంది, ఇనుము భరిస్తుంది. ఆకివీడు, కైకలూరుల్లో ఐసు వేసుకుని హౌరాకు పరుగెత్తే చేపల లారీ భరించదు. 1,200 కిలోమీటర్లు ఐసుతో పందెం అది. దానికి ఇంకొన్నాళ్లు డీజిలే దిక్కు.

కాబట్టి ముందు ఎవరు మారాలో తెలుస్తూనే ఉంది. మిర్యాలగూడ, జగ్గయ్యపేట వైపు నుంచి హైదరాబాద్‌కు సిమెంటు తెచ్చే బండ్లు. చీమకుర్తి గ్రానైటును ఓడరేవుకు చేర్చే బండ్లు. రోజూ అదే దారి, అదే దూరం, రెండు కొసలూ తెలిసినవే.

కరెంటు ఎక్కడిది?

పది లారీలు ఒకేసారి 240 కిలోవాట్ల చార్జర్లకు తగిలించుకుంటే 2.4 మెగావాట్లు. మన మండలాల్లో కనిపించే 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో సాధారణంగా ఉండేది 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్. అంటే పది లారీలు అందులో సగం లాగేస్తాయి. దాబా పక్కన నాలుగు ప్లగ్గులు పెడితే పోదు. హైవే వెంబడి విడిగా లైన్లు, సబ్‌స్టేషన్లు కావాలి.

మరో నిజం కూడా చెప్పుకోవాలి. మన కరెంటులో అధిక భాగం ఇప్పటికీ బొగ్గుదే. దేశం సగటున యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఒకటిన్నర యూనిట్లంటే కిలో పైన. డీజిల్ లారీ పొగగొట్టం కిలోమీటరుకు వదిలేదీ దాదాపు కిలోనే. రోడ్డు పక్క ఊళ్లకు పొగ తప్పుతుంది, అది మంచిదే. కానీ భూమికి జరిగే మేలు, రాత్రి బొగ్గు కరెంటు ఎక్కిస్తే అంతంతమాత్రం.

పగటి సౌరవిద్యుత్తు ఎక్కిస్తే మాత్రం కథ మారుతుంది. ఇక్కడ లారీల అలవాటే కలిసొస్తుంది. నగరాల్లో పగలు భారీ వాహనాలకు నో ఎంట్రీ. ఊరి బయట గంటల కొద్దీ బారులు తీరి నిలబడతాయి. ఎండ కాసేదీ అప్పుడే, సౌరవిద్యుత్తు చవగ్గా దొరికేదీ అప్పుడే. ఊరికే నిలబడే ఆ వేళ చార్జింగ్ వేళ అయితే, ఆగినందుకు నష్టమన్న మాటే ఉండదు. ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. హైదరాబాద్-బెంగళూరు హైవే కర్నూలు మీదుగానే పోతుంది.

చిన్న ఓనరు ఏమవుతాడు?

మన దేశంలో లారీ ఓనర్లంటే ఎక్కువమంది అయిదు బండ్ల లోపు వాళ్లే. ఒకే లారీ కొని తనే స్టీరింగ్ పట్టుకున్నవాళ్లూ బోలెడుమంది. కోటి రూపాయల బండికి వాళ్లకు అప్పెవరిస్తారు? సొంత ప్రాంగణం, సొంత ట్రాన్స్‌ఫార్మర్, ఏడాది పొడవునా ఖాయమైన లోడు ఉన్న పెద్ద కంపెనీలే ముందు మారతాయి. రాయితీ కూడా వాటికే చేరే అవకాశం ఎక్కువ. కిలోమీటరుకు 17 రూపాయలు తక్కువ ఖర్చయ్యే బండ్లు ఓ పక్కన తిరుగుతుంటే, కిరాయిలు ఆ మేరకు దిగుతాయి. అదే కిరాయికి పాత డీజిల్ లారీ తోలాల్సినవాడి గతేంటి?

దీనికి దారి లేకపోలేదు. బండి ఓనరుది, బ్యాటరీ అద్దెది అయితే ఖరీదులో పెద్ద భారం దిగిపోతుంది. 2010లో యూనిట్ సామర్థ్యానికి వెయ్యి డాలర్లు దాటిన బ్యాటరీ ధర 2024 నాటికి 115కు పడిపోయింది, ఇంకా పడుతోంది. మజిలీలు కట్టేటప్పుడు వాటిని ఏ ఒక్క కంపెనీకో రాసివ్వకుండా, ఏ బండైనా వచ్చి తగిలించుకునేలా చూడాలి. ప్లగ్గు ఒకటే, ధర అందరికీ ఒకటే. లారీ ఓనర్ల సంఘాలు ఇప్పటినుంచే అడగాల్సింది ఇదే. రాయితీ ఒకసారి వచ్చి పోతుంది, మజిలీ ముప్పై ఏళ్లు ఉంటుంది.

ఇంతకీ హైదరాబాద్‌లో లోడెత్తిన కరెంటు లారీ విశాఖలో దించుతుందా? ఒక్క పరుగున ఇవాళ దించలేదు. మధ్యలో నాలుగు మజిలీలు కడితే దించుతుంది. ఆ నాలుగూ ఎవరు కడతారో, అక్కడ యూనిట్ ఎంతకు అమ్ముతారో తేలాకే ఓనరు అడ్వాన్స్ కడతాడు. అప్పటిదాకా అతను వేచి చూస్తానంటే తప్పు పట్టలేం.