చెఱువుపై చాపపడవల పందెములు

హైదరాబాదు, సికింద్రాబాదుల నడుమనున్న హుస్సేన్‌సాగరముపై వానకాలపు శని, ఆదివారములందు తెల్లని తెరచాపలు బారులు తీరి కానవచ్చును. కట్టమీద బోవువారిలో పెక్కురు వానిని జూచి, కలవారి వేడుక యనుకొని సాగిపోవుదురు. అక్కడ జరుగునది డింగీ పందెము. మన యువజనుల శీలమునకును, మన చెఱువుల క్షేమమునకును దానితో సంబంధము కలదు గావున ప్రాజ్ఞులైన పాఠకుల దృష్టిని దానివైపు మరలింప దలచితిమి.

డింగీ యనగా చిన్న చాపపడవ. దానికి యంత్రబలము లేదు. గాలియే దానికి బలము. బాలబాలికలు నడపు ఆప్టిమిస్టు పడవ పొడవు ఇంచుమించు 2.3 మీటర్లు. పెద్దలు నడపు లేజర్, నేడు ఇల్కా యని పిలువబడుచున్నది, 4.23 మీటర్ల పొడవు గలది. రెండింటను ఒక్కరే కూర్చుండి, ఒకచేత చుక్కానిని, ఒకచేత చాపత్రాటిని పట్టి నడుపవలయును. గాలి వచ్చు దిక్కునకు సూటిగా ఏ చాపపడవయు పోజాలదు. ఒకమాఱు కుడికి, ఒకమాఱు ఎడమకు ఏటవాలుగా మలుపులు తిరుగుచు, నీటిపై దేలు గుఱుతును జేరి, దానిని చుట్టి రావలయును. చుట్టును ఎత్తైన కట్టడములుండుటచే హుస్సేన్‌సాగరముపై గాలి తఱచుగా దిక్కు మార్చుచుండును. దానిని ముందుగా కనిపెట్టలేనివాడు ఎంత బలశాలియైనను వెనుకబడును.

గెలుపును లెక్కించు పద్ధతియు గమనింపదగినది. మొదటివానికి 1, రెండవవానికి 2, ఈ విధముగా అంకెలు వేసి, అన్ని పందెముల మొత్తము ఎవరికి తక్కువయో వారినే విజేతగా ఎన్నుదురు. రెండు దినములలో పలుమాఱులు పందెము సాగును గావున ఒక్క గాలివిసురుతో వచ్చిన యదృష్టము చాలదు. నిలుకడగలవానిదే పైచేయి.

అన్నిటికంటె విశేషమైనది మఱియొకటి. ఈ యాటలో ప్రతి పడవ వెంటను తీర్పరి యుండడు. గాలి యెడమ ప్రక్కనుండి తగులుచున్న పడవ, కుడి ప్రక్కనుండి తగులుచున్న పడవకు దారి యీయవలయు ననునది నియమము. తప్పినవాడు తన తప్పును తానే యొప్పుకొని, రెండు చుట్లు గిరగిర తిరిగి, ఆ నష్టమును భరించి పందెమును సాగింపవలయును. వివాదము మిగిలినచో ఒడ్డుననున్న సంఘము విచారించును. పోలీసు లేని చోట్ల నియమమును పాటించువాడే పౌరుడు. ఈ విద్యను పదియేండ్ల బాలునకు నేర్పు పాఠశాలలు మనకెన్ని కలవు?

ఆపదలోనున్న వారికి చేతనైన సాయమెల్ల చేయవలయు ననునదియు ఈ యాట నియమములలోనిదే. 1988 సియోల్ ఒలింపిక్సులో, పుసాను తీరమున జరిగిన పందెమునందు కెనడా దేశీయుడగు లారెన్స్ లెమ్యూ రెండవ స్థానమున నుండియు, పడవ తలక్రిందులై కొట్టుకొనిపోవుచున్న సింగపూరు నావికులను రక్షింప దారి మరలించెను. న్యాయనిర్ణేతలు ఆ పందెమున వానికి రెండవ స్థానమునే యొసగిరి. పతకము దక్కకపోయినను వాని పేరు నిలిచినది.

ఇది ధనికుల క్రీడ గదా యని కొందఱనవచ్చును. పడవ వెల సామాన్యునకు అందనిదన్న మాట నిజమే. కాని పడవ సొంతముగా నుండనక్కఱలేదు. సంఘమునకు నాలుగు పడవలున్నచో నలువదిమంది పిల్లలు వంతులవారీగా నేర్చుకొనవచ్చును. ఆప్టిమిస్టును 1947లో క్లార్క్ మిల్స్ అను నమెరికా దేశీయుడు తక్కువ వెలకు పిల్లల కందవలయుననియే రూపొందించెను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలయందు బాలికల డింగీ పందెమున రజతము గెలిచిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశమునందలి యొక రైతు బిడ్డ. ఆమె నేర్చినది సముద్రమున గాదు, భోపాలు చెఱువున. మన హైదరాబాదు యాచ్ క్లబ్బు పేదయిండ్ల పిల్లలకు తర్ఫీదు నిచ్చుచుండుట ప్రశంసనీయము. తక్కిన సంఘములును తమ ద్వారములను ఇట్లే తెఱువవలయును.

అయితే ఆ పిల్లలను ఏ నీటిపైకి పంపుచున్నాము? పడవ బోర్లపడుట ఈ విద్యలో మొదటి పాఠము; బోర్లపడినవాడు నీటిలో మునిగి తేలవలసినదే. 1562 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున కట్టబడిన ఈ సాగరము ఒకప్పుడు నగరమునకు త్రాగునీ రొసగినది. తరువాత కూకట్‌పల్లి నాలా మున్నగువానివెంట మురుగును, కర్మాగారముల విషజలమును వచ్చి చేరినవి. శుద్ధి యంత్రాగారములు వెలసినను జబ్బు కుదరలేదు. వానలు ముమ్మరమైనప్పుడు మురుగు పొంగి చెఱువులోనికే వచ్చును; పందెములకు గాలి యనుకూలించు ఋతువును అదియే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహముల నిమజ్జనమును 2021లో హైకోర్టు వారింపగా, సర్వోన్నత న్యాయస్థానము ఆ యొక్క యేటికే సడలింపు నిచ్చినది. మట్టి విగ్రహముతో భక్తికి లోపమేమియు రాదు.

చెఱువుక్రింద సేద్యము చేయు భూస్వాములకు మేము చెప్పవలసినది లేదు. కాలువలో వచ్చినదే చెఱువులో నిలుచునని వారికి తెలియును. కట్టమీద దీపములు పెట్టి, ఎగువ కాలువను విడిచిపెట్టుట చికిత్స కాదు.

శాతవాహన రాజగు యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెములపై ఓడబొమ్మను ముద్రింపించెను. కాకినాడ చెంతనున్న కోరంగి ఓడల నిర్మాణమునకు పేరుగన్నది. అట్టి జాతి బిడ్డలకు చుక్కాని పట్టుట క్రొత్తవిద్య కాదు, మఱచిన విద్య. ప్రభుత్వము ఎగువ నాలాలలోనే మురుగు నరికట్టవలయును. సంఘములు ప్రాణరక్షక కవచములతో, రక్షణపడవతో సర్కారు బడుల పిల్లలకు చోటీయవలయును. తల్లిదండ్రులు బిడ్డలకు ముందుగా ఈత నేర్పవలయును. ఈ మూడును కూడినపుడు ఆ తెరచాపలు కట్టమీది బాటసారికి వినోదముగా గాక, తన బిడ్డదే యొక పడవగా కానవచ్చును.