పగడపు దీవికి పోవు ముందు

మంచిర్యాలకు సముద్రము బహుదూరము. ఇచ్చటి పిల్లలు చూచిన పెద్దనీరు గోదావరియే. అయినను ఈ కాలమున అండమాను ప్రయాణము బొగ్గుగనుల ఊళ్లవారికిని అందరాని కోరిక కాదు. రైలెక్కి చెన్నై చేరి, అచ్చటినుండి విమానముపై కొన్ని గంటలలో, ఓడపై నైనచో ఇంచుమించు మూడు దినములలో శ్రీ విజయపురము చేరవచ్చును. 2024 వరకు ఆ నగరమునకు పోర్టుబ్లెయిర్ అని పేరు. అచ్చటికి పోయిన యువకులు తప్పక కోరునది ఒకటి కలదు. కన్నులకు అద్దపు తొడుగు, నోటికి శ్వాసగొట్టము తగిలించుకొని, నీటిపై బోర్లగిల తేలుచు, అడుగున నున్న పగడపు దిబ్బలను చూచుట. దీనిని స్నార్కెలింగ్ అందురు. కోరిక మంచిదే. అయితే పెట్టెలో ఏమి సర్దుకొనవలెనో ఆలోచించువారు పెక్కురు. నీటిలో ఎట్లు మెలగవలెనో ఆలోచించువారు కొందరే.

పగడమనగానే మనవారికి దండలోని ఎఱ్ఱని పూస స్ఫురించును. ఆ పూసనిచ్చు జాతి వేరు. దిబ్బలు కట్టు పగడము వేరు. అది రాయివలె కనబడును గాని రాయి కాదు. కొమ్మలు వేయును గాని చెట్టు కాదు. మిక్కిలి చిన్నవైన మెత్తని జీవులు లక్షలకొలది కలిసి, సముద్రజలమునుండి సున్నమును గ్రహించి కట్టుకొనిన ఇల్లది. ఆ జీవుల శరీరములలో కంటికి కనబడని నాచుకణములు కాపురముండును. అవి సూర్యకాంతితో ఆహారము సిద్ధపరచి, అందులో అధికభాగమును తమకు చోటిచ్చిన జీవికే సమర్పించును. దిబ్బల రంగులలో పెక్కు ఆ నాచు పెట్టిన రంగులే. గుండువలె పెరుగు జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరో, అంతకు తక్కువయో పెరుగును. కనుక మీటరు అడ్డుకొలత గల గుండు ఒకటి తయారగుటకు ఏబది ఏండ్లైనను పట్టును. దానిపై ఒకడు రెండు నిమిషములు నిలిచిన చాలును, పైపొరలోని జీవులు నలిగిపోవును. ఇట్టి దిబ్బలు సముద్రపు నేలలో నూటికి ఒక వంతైనను లేవు. సముద్రజీవజాతులలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రము వీనినే ఆశ్రయించి బ్రతుకుచున్నవి.

శ్రీ విజయపురమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున వండూరు అను గ్రామము కలదు. అచ్చటి పదునైదు దీవులను, వాని నడుమ సముద్రమును కలిపి 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానముగా ఏర్పరచిరి. దాని వైశాల్యము 281 చదరపు కిలోమీటర్లకు పైగా ఉండును. అందులో జాలీబాయ్, రెడ్‌స్కిన్ అను దీవులకు యాత్రికులను పోనిత్తురు. ఒకటి తెరచి యుంచినపుడు రెండవది మూసియుంచుట అచ్చటి పద్ధతి. మన రైతు ఒక చెలకను సాగుచేసి వేరొకదానిని బీడు విడిచినట్లు. ముందుగా అనుమతిపత్రము తీసికొనవలెను. వాడి పారవేయు ప్లాస్టిక్కును దీవికి కొనిపోరాదు. కొందరికి ఈ నిబంధనలు వేధింపుగా తోచును. అనుమతిపత్రమునకై వరుసలో నిలుచుటకు విసుగుకొనువారు, ఆ వరుసయే లేనిచో ఆ దిబ్బ ఇంతకాలము నిలిచి యుండెడిదా యని యోచింపరు.

చట్టము సంగతి అట్లుండగా, అసలు ప్రమాదము పాదములలో నున్నది. ఈత రానివాడు లోతు తక్కువ నీటిలోనికి దిగును. గొట్టములోనికి ఒక గ్రుక్కెడు ఉప్పునీరు చొచ్చును. భయపడి కాళ్లు క్రిందికి చాచును. కాలికి తగిలినదానిపై నిలుచును. ఆ తగిలినది పగడమే. వాడు దుష్టుడు కాడు. ప్రాణభయమున చేసిన పని యది. ఒక దినమున వందమంది అట్లే నిలిచినచో, ఎవరియందును దోషము లేకయే దిబ్బ మాత్రము చచ్చును. కాబట్టి ఈ యాత్రకు మొదటి సన్నాహము టిక్కెట్టు కాదు, ఈత. అదియు గోదావరి మడుగులలో గాని, నీరు నిండిన పాత ఉపరితల గనుల గోతులలో గాని నేర్వదగినది కాదు. అవి ప్రాణాపాయకరములు. శిక్షకుడున్న ఈతకొలనులోనే నేర్వవలెను. గొట్టముతో శ్వాసించుట, గొట్టములో చేరిన నీటిని బలముగా ఊది వెడలగొట్టుట, కాళ్లు క్రిందికి దించకయే మరల తేలుట, ఈ మూడును కొలనులోనే అలవడవలెను. అవి అలవడని వారికి అచ్చట అద్దపు అడుగు గల పడవలున్నవి. వానిలో కూర్చుండి చూచుట చిన్నతనమని కొందరు యువకులు భావింతురు. దిబ్బను త్రొక్కి చూచుటకంటె అది వేయిరెట్లు గౌరవప్రదము.

తక్కినవి చిన్న విషయములు. ఎండకు పూసుకొను కొన్ని లేపనములలోని ఆక్సిబెంజోన్ వంటి రసాయనములు పగడమునకు కీడు చేయునని భావించి, పలావు దేశము 2020లో, హవాయి రాష్ట్రము 2021లో వానిని అరికట్టినవి. మోచేతులు కప్పు చొక్కా ధరించినచో ఆ లేపనపు అవసరమే చాలవరకు తప్పును. లంగరును దిబ్బపై విసరక, తేలుబుడ్డకు కట్టు పడవవానినే కుదుర్చుకొనవలెను. తీరమున పడియున్న పగడపు ముక్కను, అది చచ్చినదే యైనను, సంచిలో వేసికొనరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టు పగడములకు 2001లోనే చోటు కల్పించిరి. ఖాళీ గవ్వయు వ్యర్థము కాదు. సన్యాసిపీత దానిలోనే తల దాచుకొనును.

ఇంత జాగ్రత్త అవసరమైనచో అసలు పోకుండుటయే మేలు గదా యని కొందరందురు. ఈ వాదమున బలము లేకపోలేదు. అయినను చూడనిదానియందు మమత పుట్టుట అరుదు. పైగా యాత్రికులవలన వచ్చు ఆదాయము ఆ తీరమున పడవ నడుపువానికి జీవనమై, దిబ్బ బ్రతికియుండుటలో వానికి లాభము కల్పించును. పోవలసినదే, అయితే కొలది మందిగా, నిదానముగా పోవలెను. మూడు సెలవులలో మూడు మారులు విమానమెక్కుటకంటె, ఒక్కమారు పోయి పది దినములుండుట మేలు.

మంచిర్యాల వారికి ఈ విషయమున వేరొక సంబంధము కలదు. గోదావరి లోయలోని బొగ్గు, 25 కోట్ల ఏండ్లకు పూర్వపు వృక్షముల శేషము. అందలి కర్బనము ఒక కిలో మండినచో మూడున్నర కిలోలకు మించి బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఆ వాయువు వలన భూమిపై నిలిచిపోవు అధికోష్ణములో నూటికి తొంబది వంతులు సముద్రమే మ్రింగుచున్నది. వేసవిలో ఉండదగిన వేడికంటె ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో, పగడము తనలోని నాచును వెడలగొట్టి తెల్లబారును. వేడి తగ్గనిచో ఆకలితో చచ్చును. 1998, 2010, 2016 సంవత్సరములలో అండమాను దిబ్బలు ఇట్లే తెల్లబారినవి. ప్రపంచమంతట నాలుగవ మారు ఇట్టి విపత్తు సంభవించినదని శాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించిరి.

ఇందులకు గని కార్మికుని బిడ్డ తల వంచుకొన నక్కరలేదు. ఆ బొగ్గుతో రైళ్లు నడచినవి, దీపములు వెలిగినవి. వెలుగు ననుభవించిన వారందరును ఇందులో పాలుపంచుకొనినవారే. అయితే వండూరులో కాలు మోపకుండ తేలినంత మాత్రమున తన వంతు తీరినదని తలచువాడు సగము లెక్కయే చూచినవాడు. బొగ్గుతో తీసిన విద్యుత్తు ఒక యూనిట్ వాడినచో ఇంచుమించు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. ఎవరును లేని గదిలో తిరుగు పంకాకును వండూరు దిబ్బకును నడుమ నున్న దూరము, పటములో కనబడునంత దూరము కాదు.

సింగరేణి సంస్థవారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రమున్న జైపూరు మండలముననే, గోదావరి యొడ్డున శివ్వారము మొసళ్ల అభయారణ్యము కలదు. అండమానునకు పోదలచిన జట్టు మొదట అచ్చటికి పోయి రావచ్చును. నీటిలోనికి దిగక, రాయి విసరక, మొసలి దగ్గరకు రావలెనని మాంసము ఎరవేయక, పాట పెట్టక, అటవీశాఖవారు చూపిన చోటనే ఒక గంట కూర్చుండవలెను. మొసలి కనబడవచ్చును, కనబడకపోవచ్చును. కనబడకపోయినను ఎవరు మౌనముగా కూర్చుండిరో, ఎవరు లేచి ఒడ్డునకు దిగిరో ఉపాధ్యాయుడు చూచుకొని, ఆ పిమ్మటనే ఓడ టిక్కెట్లకు పేర్లు వ్రాయవచ్చును.