ఒకే చాప మీద అన్నం

అన్నదమ్ములు రాజ్యం కోసం పోరాడుకున్న కథ మన నెల్లూరివారికి కొత్త కాదు. పదమూడవ శతాబ్దంలో తిక్కనగారు మహాభారతంలో పదిహేను పర్వాలు తెనిగించింది ఈ సీమలోనే గదా! అటువంటి పోరే తిక్కనగారికి ముందు మన తెలుగుగడ్డ మీద కూడా జరిగింది. అదే పలనాటి యుద్ధం. పన్నెండవ శతాబ్దం చివర, సుమారు 1182 ప్రాంతంలో జరిగిందని చెబుతారు. ఒకే దేశంలోనివారు రెండు పక్షాలై పోరాడితే దానిని అంతర్యుద్ధం అంటారు.

పలనాటిని ఏలిన అనుగురాజుకు వేరు వేరు భార్యల వల్ల కొడుకులు కలిగారు. వారిలో నలగామరాజు గురజాలలో ఉండి పాలించాడు. అతని సవతి తమ్ముడు మలిదేవుడు మాచర్లకు రాజయ్యాడు. నలగాముడికి నాయకురాలు నాగమ్మ, మలిదేవుడికి బ్రహ్మనాయుడు మంత్రులు. ఉభయులూ కోడిపందెం వేసుకున్నారు. ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలని పంతం. మలిదేవుడి పక్షం ఓడి, వలస పోయింది. గడువు తీరాక తమ భాగం తమకిమ్మని అలరాజును రాయబారం పంపారు. అతడు తిరిగి రాలేదు. విషం పెట్టి చంపించారని కథ. ఇంకేముంది? కారెంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున, రెండు సేనలూ ఎదురుపడ్డాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బ్రహ్మనాయుడి పక్షాన నిలిచినవారెవరు? మాల కులంలో పుట్టిన కన్నమదాసును అతడు కన్నకొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడు. బ్రహ్మనాయుడి కుమారుడు బాలచంద్రుడి వెంట బ్రాహ్మణుడైన అనపోతూ, చాకలి, మంగలి, కుమ్మరి, కంసాలి కులాల స్నేహితులూ నడిచారు. వారిని జీతానికి కుదుర్చుకున్నవారు లేరు. తమంతట తామే ముందుకు వచ్చారు.

వీరందరికీ బ్రహ్మనాయుడు ఒకే చాప మీద అన్నం పెట్టించాడు. దానికే చాపకూడు అని పేరు. ఒక కులంవారి పంక్తిలో మరొక కులంవారు కూర్చోని రోజులవి. కాని యుద్ధంలో పక్కన నిలబడి ప్రాణమిచ్చేవాణ్ణి, భోజనం దగ్గర మాత్రం దూరంగా కూర్చోమనడం న్యాయమా?

అయినా భేదం పూర్తిగా పోలేదు సుమా! బ్రాహ్మణుడు చనిపోతే పాపం తగులుతుందని భయపడి, బాలచంద్రుడు అనపోతును ఏదో నెపం మీద దారిలోంచి వెనక్కు పంపేశాడు. అది అనపోతును కాపాడాలని చేసిన పనే. కాని తనను విడిచి అందరూ వెళ్ళిపోయారని తెలిసి అనపోతు ఆ దుఃఖం భరించలేక ప్రాణం విడిచాడట. సాటివాడుగా ఉండగోరినవాడికి మినహాయింపు కూడా అవమానమే.

ఇటువంటిదే ఇంకొక సంగతి వినండి. ఇది ఏడువందల ఏళ్ళ తరువాత, సముద్రాల ఆవల, అమెరికాలో జరిగింది. అక్కడ 1861 నుంచి 1865 వరకు అంతర్యుద్ధం సాగింది. 1863లో నల్లజాతివారు స్వచ్ఛందంగా చేరగా మసాచుసెట్స్ 54వ పదాతి దళం ఏర్పడింది. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. వీరికి మాత్రం 10 డాలర్లే, అందులో 3 డాలర్లు బట్టలకు కోత! ఆ జీతం మాకు అక్కరలేదని వారు ముట్టుకోలేదు. తక్కువైన సొమ్ము మేమిస్తామని వారి రాష్ట్రం ముందుకు వచ్చినా వద్దన్నారు. జీతం లేకుండానే పోరాడారు. చివరకు 1864లో ప్రభుత్వం సమాన జీతానికి చట్టం చేసింది. చూశారా? వారు అడిగింది డబ్బు కాదు, సమానత్వం.

మరి పలనాటి యుద్ధంలో గెలిచిందెవరు? ఇరుపక్షాల వీరులూ నేలకొరిగారు. బాలచంద్రుడు మరణించాడు. ఆఖరుకు బ్రహ్మనాయుడు నలగామరాజుకే రాజ్యం అప్పగించాడని కథ. అంత నెత్తురు కారినా ఎవరికీ ఏమీ మిగలలేదు.

కాని చాపకూడు మాట మిగిలింది. శ్రీనాథుడి పేర ఉన్న 'పలనాటి వీరచరిత్ర' ఈ కథే చెబుతుంది. నేటి పలనాడు జిల్లాలోని కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజులకు పేర్లు. వీరుల ఆయుధాలను భక్తితో మోసుకువస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు.

బాలలారా! కత్తులనూ కోడిపందేలనూ ఆ కాలానికే వదిలేద్దాం. చాపను మాత్రం మనం తెచ్చుకుందాం. రేపు బడిలో మధ్యాహ్న భోజనానికి కూర్చునేటప్పుడు పంక్తిని ఒకసారి చూడండి. ఎవరైనా ఒక మూల ఒంటరిగా తింటున్నారా? అయితే మీ కంచం పట్టుకుని వెళ్ళి వారి పక్కన కూర్చోండి. అందుకు యుద్ధం వచ్చేదాకా ఆగనక్కరలేదు.