క్లాస్‌కో వెబ్ పేజీ.. వాట్సాప్ గ్రూప్ ఉండగా ఎందుకు? టీచర్లకు అసలు చిక్కు ఎక్కడంటే..

ఆదివారం రాత్రి 9 గంటలు. తెల్లారితే పిల్లాడికి యూనిట్ టెస్ట్. సిలబస్ ఏంటో వాడికే సరిగా గుర్తులేదు. అమ్మ క్లాస్ వాట్సాప్ గ్రూప్ తెరిచి పైకి స్క్రోల్ చేస్తూనే ఉంటుంది. గుడ్ మార్నింగ్ ఫొటోలు, బర్త్‌డే విషెస్, వరసగా ‘ఓకే మేడమ్’లు. వాటి మధ్య ఎక్కడో టీచర్ పెట్టిన బోర్డు ఫొటో ఉంటుంది. అది దొరికేసరికి పిల్లాడు నిద్రపోయి ఉంటాడు.

స్కూల్‌కి పిల్లల్ని పంపే ఇళ్లల్లో ఇది కొత్త సీన్ కాదు. 2020 లాక్‌డౌన్‌లో బడులు మూతపడ్డప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్‌లలో పాఠాలు మొదలయ్యాయి. హోంవర్క్ మాత్రం వాట్సాప్‌లోకి వచ్చింది. బడులు తెరిచినా అది అక్కడే ఉండిపోయింది. కబురు పంపడానికి గ్రూప్ బాగా పనికొస్తుంది, దాచిపెట్టడానికి కాదు. పైగా గ్రూప్‌లో ఒకరి ఫోన్ నంబర్ అందరికీ కనిపిస్తుంది. దీంతో మహిళా టీచర్లకు, తల్లులకు వచ్చే ఇబ్బంది వేరే చెప్పక్కర్లేదు.

దీనికి పాత, సింపుల్ మందు ఒకటుంది. క్లాస్‌కి ఒక చిన్న వెబ్ పేజీ. ఈ వారం హోంవర్క్, టెస్ట్ తేదీలు, నోట్స్ లింకులు, టీచర్‌ని ఏ టైమ్‌లో కలవచ్చు. అంతే. గూగుల్ సైట్స్ లాంటివి ఉచితం, కోడింగ్ రానక్కర్లేదు. కంప్యూటర్‌లో లెటర్ టైప్ చేయడం వచ్చిన వాళ్లెవరైనా ఒక పూటలో పేజీ పెట్టేయొచ్చు. లింక్‌ని క్యూఆర్ కోడ్‌గా మార్చి పిల్లల డైరీలో అతికిస్తే సరి, ఫోన్‌పే స్కాన్ చేయడం తెలిసిన ఇంట్లో ఇదీ తెలిసిపోతుంది.

చూసేవాళ్ల దగ్గర ఫోన్లు ఉన్నాయా అంటే.. ఉన్నాయి. అసర్ 2024 గ్రామీణ సర్వేలో 14-16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందన్నారు. 82 శాతం మందికి దాన్ని వాడటం వచ్చు. వాళ్లలో ముందువారం చదువు కోసం ఫోన్ పట్టుకున్నది 57 శాతం. సోషల్ మీడియా కోసమైతే 76 శాతం!

మరి చిక్కు ఎక్కడ? మన దగ్గర ఒకటి అక్షరాల్లోనే ఉంది. చాలామంది తెలుగు టీచర్ల దగ్గర ఏళ్ల తరబడి చేసుకున్న నోట్స్, ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో ఉన్నాయి. డీటీపీ సెంటర్లో ప్రింట్ తీస్తే చక్కగా వస్తాయి. అదే మ్యాటర్‌ని కాపీ చేసి వెబ్ పేజీలో పెడితే పిచ్చి గుర్తులే మిగులుతాయి. కారణం, అది యూనికోడ్ కాదు. చివరికి టీచర్ విసిగిపోయి పేజీని ఫొటో తీసి పెట్టేస్తారు. ఆ ఫొటోలో పదం వెతికితే దొరకదు. ఒక్కోటి మూడు, నాలుగు ఎంబీలు ఉంటే సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఓపెనే కాదు.

ఇంతకంటే పెద్ద నష్టం ఇంకోటి. చదవడం రాని తల్లిదండ్రులకు యూనికోడ్ తెలుగైతే ఫోనే పైకి చదివి వినిపించగలదు. ఫొటో పెడితే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. కొత్తగా రాసేదైతే ఫోన్ కీబోర్డులో మైక్ నొక్కి తెలుగులో చెబితే చాలు, టైప్ అవుతుంది. తప్పులు వస్తాయి, ఒకసారి చూసుకోవాలి. టీచర్లకు ఇచ్చే కంప్యూటర్ ట్రైనింగుల్లో స్లైడ్ల డిజైన్ కంటే ముందు నేర్పాల్సింది ఇదే.

రెండో చిక్కు పిల్లల ఫొటోలు, మార్కులు. పేజీ అందరికీ కనిపించేలా పెట్టి, అందులో ముఖం, పేరు, సెక్షన్ ఇస్తే అది ఎవరి చేతికైనా వెళ్తుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల డేటాకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. దీని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. చట్టం సంగతి అలా ఉంచితే, ర్యాంక్ లిస్ట్ నెట్‌లో పెట్టాల్సిన అవసరమే లేదు. అందులో చివర్లో ఉన్న పిల్లకి తన పేరు ఊరంతా చూడటం ఎలా ఉంటుంది? సైన్స్ ఫెయిర్‌లో మోడల్ ఫొటో పెట్టండి. పిల్ల ముఖం లేకపోయినా ఆ మోడల్ కనిపిస్తుంది.

మూడోది బదిలీ. పేజీ టీచర్ సొంత జీమెయిల్‌తో తెరుస్తారు. ట్రాన్స్‌ఫర్ అయ్యాక పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు, పాత టైమ్‌టేబుల్ నెట్‌లో వేలాడుతూనే ఉంటుంది. స్కూల్ పేరుతో ఒక అకౌంట్ తెరిచి హెచ్‌ఎం దగ్గరా వివరాలు ఉంచితే ఈ తలనొప్పి ఉండదు. కంపెనీలనూ పూర్తిగా నమ్మడానికి లేదు. ప్రపంచమంతా టీచర్లు వాడిన వికీస్పేసెస్ 2018లో మూతపడింది. జియోసిటీస్ అమెరికాలో 2009లోనే పోయింది. ముఖ్యమైన నోట్స్ కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉండాల్సిందే.

ఇక టీచర్ల మాట కూడా వినాలి. ఇప్పటికే హాజరుకో యాప్, మధ్యాహ్న భోజనానికో ఎంట్రీ. దీనికి తోడు వెబ్ పేజీ కూడా తప్పనిసరి అని పై నుంచి సర్క్యులర్ వస్తే, ఇన్‌స్పెక్షన్ కోసం ఒకసారి నింపి వదిలేస్తారు. ఇష్టమున్న టీచర్‌కి ఒక కంప్యూటర్, నెట్, వారానికి ఒక ఖాళీ పీరియడ్ ఇస్తే పని నడుస్తుంది. శుక్రవారం ఆ పీరియడ్‌లో వచ్చే వారం టెస్ట్ వివరాలు పేజీలో పెట్టి, గ్రూప్‌లో లింక్ ఒక్కటే వేస్తే ఆదివారం రాత్రి స్క్రోలింగ్ తప్పుతుంది.