ట్రేల దగ్గర ఆగిపోతున్న విమాన ప్రయాణం

2022 డిసెంబరులో ఢిల్లీ విమానాశ్రయం మూడో టెర్మినల్ రద్దీ దేశమంతటా వార్తయింది. గుమ్మాల బయట జనం, లోపల తనిఖీ దగ్గర అంతకు మించిన జనం. విమానం తప్పిపోయిందని సామాజిక మాధ్యమాల్లో మొరపెట్టుకున్నవాళ్లకు లెక్కలేదు. 12వ తేదీన అప్పటి పౌర విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా స్వయంగా వెళ్లి చూశారు. ఎక్స్‌రే యంత్రాలు పెంచారు, అదనపు సిబ్బందిని దించారు. చిత్రమేమిటంటే, ముఖమే టికెట్‌గా చెల్లే డిజియాత్ర అదే విమానాశ్రయంలో ఆ నెల ఒకటో తేదీనే మొదలైంది.

అప్పుడే పుట్టిన సదుపాయం మీద నింద వేయడం అన్యాయమే. కానీ ఆ తర్వాత హైదరాబాద్, విజయవాడ, విశాఖలకూ విస్తరించిన డిజియాత్ర ఏ పని చేస్తుందో, ఏది చేయదో తెలుసుకోవాలి. గేటు దగ్గర గుర్తింపు కార్డు, టికెట్ చూసే పనిని అది కెమెరాకు అప్పగిస్తుంది. అక్కడ నిమిషాలు కలిసొస్తాయి, నిజమే. ఆ తర్వాత? ల్యాప్‌టాప్ బయటికి తీయాలి, బెల్టు విప్పాలి, జేబులు ఖాళీ చేయాలి, సీఐఎస్ఎఫ్ సిబ్బంది ముందు చేతులు చాచి నిలబడాలి. వీటిలో ఒక్కదాన్నీ డిజియాత్ర ముట్టుకోదు. కొన్నిసార్లు గేటు దగ్గర చెదరిన జనం ట్రేల దగ్గర మరింత త్వరగా పోగవుతారు.

లెక్క చిన్నదే. ఒక తనిఖీ లేన్ గంటకు 150 మందిని పంపగలదనుకుందాం. గంటకు 165 మంది వస్తే, మూడు గంటలు తిరిగేసరికి 45 మంది మిగిలిపోతారు. వారిలో చివరివారు 18 నిమిషాలు నిలబడాల్సిందే. పెరిగింది పది శాతమే! విమానయాన సంస్థలన్నీ తెల్లవారుజాము వేళలకే ఎగబడుతుంటే ఈ మిగులు రోజూ పుడుతుంది.

సంచిలోంచి ఏదీ తీయనక్కర్లేకుండా లోపలి వస్తువులను అన్ని వైపుల నుంచీ చూపించే సీటీ స్కానర్లు దీనికి మందు అంటారు. ఏటా 50 లక్షలకు పైగా ప్రయాణికులున్న విమానాశ్రయాల్లో వీటిని 2023 చివరికల్లా పెట్టాలని పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ గడువిచ్చింది. అది దాటిపోయింది. మనకే కాదు, బ్రిటన్‌కూ ఇదే అనుభవం. ద్రవ బాంబులతో విమానాలు పేల్చే కుట్ర 2006 ఆగస్టులో అక్కడ బయటపడ్డాకే 100 మిల్లీలీటర్ల నిబంధన ప్రపంచమంతా పాకింది. (అమెరికా వెళ్లే అమ్మానాన్నల చేతిసంచిలో ఆవకాయ సీసాకు చోటు లేకుండా చేసింది ఇదే.) కొత్త స్కానర్లతో ఆ నిబంధనకు బ్రిటన్‌లో 2024 జూన్‌కల్లా స్వస్తి చెప్పాలనుకున్నారు. పెద్ద విమానాశ్రయాలు గడువు అందుకోలేకపోయాయి. ముందే అమర్చుకున్న చిన్నవాటిని సైతం అదే నెలలో పాత నిబంధనకు మళ్లమన్నారు.

పోనీ, యంత్రాలుంటే సరిపోతుందా? ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్కిపోల్ విమానాశ్రయం సీటీ స్కానర్లను ముందుగా తెచ్చుకున్న వాటిలో ఒకటి. అయినా 2022 వేసవిలో అక్కడి క్యూలు టెర్మినల్ బయటికి సాగాయి. కొవిడ్ కాలంలో వెళ్లిపోయిన తనిఖీ సిబ్బంది తిరిగి రాలేదు. వడ్డించేవాళ్లు లేకుండా విస్తళ్లు వేసిన పెళ్లిపందిరిలా తయారైంది పరిస్థితి. చివరికి గంటకు 5.25 యూరోల వేసవి భత్యం ప్రకటించి, రోజువారీ ప్రయాణికుల సంఖ్యకు పరిమితి పెట్టారు. సెప్టెంబరులో సీఈఓ డిక్ బెన్‌షాప్ రాజీనామా చేశారు.

మన దగ్గర మనుషుల కొరత ముందుగా తాకేది మహిళలనే. తెర చాటున, మహిళా సిబ్బందే తనిఖీ చేయాలన్నది సరైన నియమం. కానీ ఆ తెర చాటు గది ఒక్కటే ఉండి, అందులో ఒక్కరే పనిచేస్తుంటే పక్కన మగవారి వరస కదులుతున్నా ఇటు కదలిక ఉండదు. గాజులకూ మంగళసూత్రానికీ పరికరం కూసిన ప్రతిసారీ ఇంకాస్త ఆలస్యం. ఎక్స్‌రే బెల్టు అవతల సంచి ఒంటరిగా పడి ఉంటుంది, దాని మీదే కన్ను.

సమయం ఎంతో తెలియకపోవడమూ ఒత్తిడే. ఎంతసేపో తెలియని, కారణం చెప్పని నిరీక్షణ ఎక్కువసేపు అనిపిస్తుందని నిర్వహణ నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లోనే రాశారు.

డబ్బు పెట్టకుండా కూడా సంస్కరణ సాధ్యమే. చేతిసంచి ట్యాగుల మీద ముద్ర కొట్టే పద్ధతిని 2017 ఏప్రిల్ 1న హైదరాబాద్ సహా ఏడు విమానాశ్రయాల్లో ఎత్తేశారు. ఆ ముద్ర లేనంత మాత్రాన భద్రత తగ్గలేదు, ఒక తతంగం మాత్రం తప్పింది.

ఇప్పుడు పౌర విమానయాన శాఖ శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది. తనిఖీ దగ్గర స్త్రీలకు ఎంతసేపు పడుతోందో, పురుషులకు ఎంతసేపు పడుతోందో ప్రతి విమానాశ్రయం గంటగంటకూ విడివిడిగా ప్రకటించాలని ఆయన ఆదేశించాలి. మహిళా సిబ్బంది పోస్టులను ఆ అంకెలను బట్టే మంజూరు చేయాలి.