లేత గులాబి పందిట్లో ఎర్ర కప్పు

మన ఇళ్ళలో పెళ్ళికి పసుపు ఎలాంటిదో చైనావారికి ఎరుపు అలాంటిది. పెళ్ళికూతురి బట్టలు, శుభలేఖ, గుమ్మానికి కట్టే లాంతర్లు, చదివింపుల కవర్లు అన్నీ ఎరుపే. అయితే మనలాగే తరాల క్రితం ఊరు విడిచి సింగపూరు, మలేషియాలలో స్థిరపడిన చైనా కుటుంబాలలో ఈనాటి ఆడపిల్లలు చాలామంది లేత గులాబి రంగు, మీగడ రంగు తెరలు, కొవ్వొత్తుల వెలుగు కోరుకుంటున్నారు. పెద్దలకేమో ఎరుపు లేనిదే శుభం కాదు. మరి ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతోంది?

ఈ కలయిక నిన్న మొన్నటిది కాదు. 1927 డిసెంబరులో షాంఘైలో చాంగ్ కై షేక్‌ను పెళ్ళాడిన సూంగ్ మెయ్ లింగ్ తెల్లని గౌను, మేలిముసుగు ధరించింది. చైనాలో తెలుపు సంతాపానికి గుర్తు! ఇప్పుడు చాలామంది వధువులు ఒకే రోజున డ్రాగన్, ఫీనిక్స్ బొమ్మలు కుట్టిన ఎర్ర దుస్తులూ, తెల్ల గౌనూ రెండూ కట్టి అందరి ముచ్చటా తీరుస్తున్నారు.

అలంకరణలోనూ ఇదే నేర్పు. 'ఆనందం' అనే అక్షరాన్ని రెండుసార్లు జతచేసి, ఎర్ర కాగితంలో కత్తిరించి తలుపులకు అంటించడం ఆచారం. ఆ జంట అక్షరాన్నే ఇప్పుడు లేత గులాబి శుభలేఖపై సన్నని బంగారు గీతలతో అచ్చువేస్తున్నారు. పియోనీ పువ్వు పూర్వం నుంచీ సంపదకు చిహ్నం. అది లేత రంగుల్లోనూ పూస్తుంది గనుక పాతకూ కొత్తకూ సరిపోతుంది. నాలుగు అంకె పలుకు చావును గుర్తు చేస్తుంది కాబట్టి, కవరులో పెట్టే సొమ్ములో దాన్ని రానివ్వరు.

అన్నిటికంటే ముఖ్యమైనది టీ వేడుక. వధూవరులు పెద్దల ముందు మోకరిల్లి, రెండు చేతులతో కప్పు అందిస్తారు. ఆ టీలో ఎండిన ఎర్ర రేగుపళ్ళు, తామరగింజలు వేయడం కద్దు. ఆ పేర్ల పలుకులో 'త్వరగా', 'వరుసగా బిడ్డలు' అన్న అర్థాలు వినిపిస్తాయట! కప్పు అందిస్తూ ప్రతి పెద్దనూ వరస పెట్టి పిలవాలి. వారి భాషలోనూ పెదనాన్నకు, చిన్నాన్నకు, మేనత్తకు, మేనమామకు వేరువేరు పిలుపులున్నాయి. పెద్దలు టీ తాగి ఎర్ర కవరో, బంగారమో చేతిలో పెడితే కోడలు ఇంటి మనిషి అయినట్టే. పీట మీద పరిచే గుడ్డ రంగు మారింది, కప్పుల తీరు మారింది. వంగడం, పిలవడం మాత్రం మారలేదు.

మనం గమనించవలసింది ఇక్కడే. బెంగుళూరైనా, బరంపురమైనా, యానామైనా రిసెప్షను వేదికకు ఏ పూలు కట్టినా నష్టం లేదు. కాని మన పిల్లలకు పెదనాన్న, మేనమామ అందరూ 'అంకుల్' అయిపోతున్నారు. వేదిక మీద వరసకట్టి ఫోటో దిగి వెళ్ళిన వారెవరో కొత్త కోడలికి తెలియదు. ఆ అమ్మాయి కన్నడమో, ఒడియానో మాట్లాడే ఇంటి పిల్ల అయితే మరీ కష్టం.

అందుకని ఒక చిన్న సూచన. మీ ఇంట పెళ్ళి కుదిరితే, అలంకరణ వారితో మాట్లాడే ముందు బంధువుల పేర్లూ వరసలూ ఒక కాగితం మీద రాసి వధూవరులిద్దరికీ ఇవ్వండి. పెళ్ళి మరునాడు ఒక గంట కేటాయించి, ఒక్కొక్క పెద్దనూ వరసతో పిలిచి నమస్కరించమనండి. పందిరి రంగు మాత్రం పిల్లల ఇష్టానికే వదిలేయండి.