రాయబార కార్యమునకు రిజర్వు సైనికుడు: వేతనమెవరివ్వాలి?



సైనికుడనగానే మన మనస్సులో మెదిలేది తుపాకి. కాని 2014లో లైబీరియాలో ఎబోలా వ్యాధి ప్రబలినప్పుడు అమెరికా పంపిన సైనికుల పని చికిత్సా కేంద్రములు నిర్మించుట, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చుట. ఆ కార్యమునకు నాయకత్వము వహించినది సైన్యము కాదు, నాటి విదేశీ సహాయ సంస్థ యు.ఎస్.ఎయిడ్. ఆ ఏడు అక్టోబరు 16న రిజర్వు సైనికులను సైతము పిలుచుటకు అధ్యక్షుడు ఒబామా ఉత్తర్వు జారీచేశారు.

రిజర్వు సైనికుడెవరు? మన టెరిటోరియల్ ఆర్మీ వారివలె, నిత్యజీవితములో ఒక ఉపాధ్యాయుడో, ఇంజనీరో. నెలకొక శని, ఆదివారములు శిక్షణకు వెళ్లి నాలుగు దినముల మూలవేతనము పొందుతాడు. అతని పౌరవిద్యయే పరదేశములో అక్కరకు వస్తున్నది. స్థానిక ప్రజలతో, ప్రభుత్వములతో వ్యవహరించు దళములలో అధికభాగము అమెరికా భూసైన్యపు రిజర్వులోనే ఉన్నది.

చిక్కు ఇక్కడ ఉన్నది. అతని ప్రతిఫలము చేసిన పనినిబట్టి గాక, చేతికిచ్చిన ఉత్తర్వు ఏ సెక్షను క్రిందిదో దానినిబట్టి మారుతూ వచ్చినది. ఇట్టి సేవాస్థితులు ముప్పది వరకు ఉన్నవని, ఆరుకు తగ్గించవలెనని 2015లో సైనిక వేతన సంస్కరణ కమిషను సిఫారసు చేసినది. ముందుగా నిర్ణయించిన కార్యక్రమములకు పిలుచుటకై 2011 చివర 12304బి అను సెక్షను తెచ్చారు. దాని క్రింద వెళ్లినవారి సేవ ఉన్నతవిద్యా సహాయమునకు లెక్కకు రాలేదు. 2017లో గాని ఆ లోపము దిద్దలేదు. ఒకే గుడారములో పండుకొన్న ఇద్దరిలో ఒకనికి కళాశాల రుసుము దక్కి, రెండవవానికి దక్కకపోవుట ఎట్టిదో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

1994 నాటి చట్టము అతని పాత ఉద్యోగమును కాపాడుతుంది. జీతములో తేడాను ప్రైవేటు యజమాని భరించవలెనని మాత్రము అనదు. సమాఖ్య ప్రభుత్వోద్యోగికి ఆ తేడా ఇచ్చు చట్టము 2009లో వచ్చినది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, నలుగురు న్యాయమూర్తులు విభేదించినను, దానిని ఉదారముగా వ్యాఖ్యానించినది. ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయునికి అదీ లేదు.

సహాయము కోరిన శాఖయే ఖర్చు భరించవలెనని కొందరి వాదము. ఒక శాఖ మరొక శాఖకు సేవల మూల్యము చెల్లించుటకు 1932 నాటి ఎకానమీ చట్టము వీలు కల్పించినది. వాదము న్యాయమే; సైనిక శిక్షణ నిధులను దౌత్యమునకు కరగించుట మేలు కాదు. కాని సహాయశాఖలు రక్షణశాఖవలె సంపన్నములు కావు. యు.ఎస్.ఎయిడ్ పనియే 2025 జులై 1న విదేశాంగశాఖ చేతికి వెళ్లినది. పద్దు ఎవరిదో తేలేవరకు సైనికుని ఇల్లు గడవవద్దా? విద్యా, వైద్య సదుపాయములతో సహా పూర్తి వేతనము మొదట అతనికి చెల్లించవలెను. శాఖల మధ్య లెక్కలు పిదప చూచుకొనవచ్చును.